రంగు మారితే రసాయన మార్పేనా?

"భౌతిక మార్పు తాత్కాలికం, రసాయన మార్పు శాశ్వతం." తెలుగు రాష్ట్రాల్లో బడికి వెళ్లినవాళ్లలో ఈ వాక్యం బట్టీ పట్టనివాళ్లు అరుదు. దాని కింద రెండు గళ్ల పట్టిక ఉంటుంది. ఎడమవైపు మంచు కరగడం, నీరు ఆవిరి కావడం, కాగితం చింపడం. కుడివైపు ఇనుము తుప్పు పట్టడం, కట్టె కాలడం, పాలు తోడుకోవడం. ఈ ఆరూ రాస్తే పరీక్షలో మార్కులు వచ్చేస్తాయి. చిక్కంతా ఏడో ఉదాహరణ దగ్గరే. ఉప్పు నీటిలో కరగడం ఏ గడిలోకి వస్తుంది? సిమెంటు గట్టిపడటం? పసుపులో సున్నం కలిపితే ఎర్రబడటం? వెన్న కాచి నెయ్యి చేయడం? బట్టీ పట్టిన వాక్యం ఇక్కడ అక్కరకు రాదు. కొన్నిచోట్ల నేరుగా తప్పుదారి పట్టిస్తుంది.

రంగు మారడం, వేడి పుట్టడం, వాయువు రావడం, వెనక్కి రాకపోవడం. రసాయన మార్పుకు పాఠాల్లో చెప్పే ఈ గుర్తులు పిల్లల మనసులో నిర్వచనాలుగా స్థిరపడిపోతున్నాయి. నిజానికి అవి అనుమానం కలిగించే సాక్ష్యాలు మాత్రమే. తీర్పు చెప్పే ప్రశ్న వేరు: మార్పుకు ముందున్న పదార్థమే మార్పు తర్వాతా ఉందా, లేక దాని అణువులు విడిపోయి, పరమాణువులు వేరే పొందికలో కలిసి కొత్త పదార్థం పుట్టిందా? ఈ ఒక్క ప్రశ్నను చివరిదాకా పట్టుకుంటే చాలావరకు చిక్కులు విడిపోతాయి. విడిపోనివి ఎందుకు విడిపోవో కూడా తెలుస్తుంది.

పోగొట్టుకుంటే తప్ప తెలియని గుణాలు

ముందు ధర్మాల సంగతి తేలితే మార్పుల సంగతి తేలికవుతుంది. కడప, బేతంచెర్ల, తాండూరు పేర్లతో మన ఇళ్లలోకి వచ్చే బండలన్నీ సున్నపురాయి జాతివే. ఆ రాయిలో ప్రధానంగా ఉండే ఖనిజం కాల్సైట్, అంటే కాల్షియం కార్బొనేట్. దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 2.7 గ్రాములు. గట్టిదనం మోస్ కొలమానంలో 3. క్వార్ట్జ్‌కు అదే కొలమానంలో 7 ఉంటుంది కనుక, క్వార్ట్జ్ దండిగా ఉండే గ్రానైటు మీద చాకు గీత పడదు, కడప బండ మీద పడుతుంది. రంగు, బరువు, నునుపు, గట్టిదనం, వేడిని మోసే తీరు, ఇవన్నీ భౌతిక ధర్మాలు. వీటిని కొలిచేటప్పుడు రాయి రాయిగానే ఉంటుంది. ముక్కలుగా కోసినా, మెరుగు పెట్టినా, పిండి చేసినా ప్రతి రేణువూ కాల్షియం కార్బొనేటే.

ఇప్పుడు వంటగట్టు మీది బండపై నిమ్మరసం ఒలికి, తుడవకుండా ఉండిపోయిందనుకుందాం. మర్నాటికి అక్కడ మెరుగు పోయిన మచ్చ కనిపిస్తుంది. సబ్బుతో ఎంత రుద్దినా పోదు, ఎందుకంటే అది అంటిన మరక కాదు. నిమ్మరసంలోని సిట్రిక్ ఆమ్లం రాతి పైపొరను తినేసింది. కాల్షియం కార్బొనేట్ కాస్తా కాల్షియం సిట్రేట్‌గా, నీరుగా, కార్బన్ డయాక్సైడ్‌గా మారిపోయింది. భూగర్భ శాస్త్రవేత్తలు కొండల్లో తిరిగేటప్పుడు పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉన్న చిన్న సీసా వెంట తీసుకెళ్లేది దీనికే. రాతిమీద ఒక చుక్క వేయగానే బుసబుస పొంగితే అది సున్నపురాయి. ఆమ్లంతో పొంగడం ఆ రాయి రసాయన ధర్మం.

రెండు రకాల ధర్మాలకూ అసలు తేడా ఇక్కడే ఉంది. భౌతిక ధర్మాన్ని పదార్థం చెక్కుచెదరకుండా కొలవవచ్చు. రసాయన ధర్మం బయటపడాలంటే పదార్థంలో కొంతైనా తన రూపు కోల్పోవాలి. కిరోసిన్ వాసన, సాంద్రత దాన్ని ఖర్చు చేయకుండానే తెలుస్తాయి. అది మండుతుందన్న సంగతి మండించి చూసినప్పుడే రుజువవుతుంది. మండిన కిరోసిన్ ఇక కిరోసిన్ కాదు. ఇందులో పాఠాలు తరచుగా వదిలేసే మరో అంశం ఉంది. ఏ చర్యా జరపకపోవడం కూడా రసాయన ధర్మమే. బంగారం పసుపు రంగు, రేకుగా సాగే గుణం భౌతికం. తరతరాలు దాటినా చిలుము పట్టకపోవడం రసాయనికం. నగల దుకాణంలో మనం ఎక్కువ ధర చెల్లించేది ఈ రెండో గుణానికి కూడా.

ఈ తేడా పరిశ్రమల రూపురేఖలనే నిర్ణయిస్తుంది. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం ఖనిజం ఉన్నది డోలమైట్ జాతి సున్నపురాయిలో. జార్ఖండ్‌లోని జాదుగూడలో లాగా ఆమ్లంతో యురేనియాన్ని కరిగించి తీద్దామంటే, పోసిన ఆమ్లాన్ని ముందు ఆ కార్బొనేట్ రాయే తాగేస్తుంది. అందుకే ఇక్కడ క్షార ద్రావణంతో, ఒత్తిడి కింద, వేడి చేసి తీసే పద్ధతిని ఎంచుకున్నారు. వంటగట్టు మీద నిమ్మరసం చేసిన మచ్చ వెనుక ఉన్న ధర్మమూ, ఒక గని కర్మాగారం మొత్తం నిర్మాణాన్ని శాసించిన ధర్మమూ ఒకటే.

సాక్ష్యాలు ఎక్కడ తప్పుతాయి

వాయువు రావడం రసాయన మార్పుకు గుర్తు అంటారు. గోళీ సోడా కొట్టగానే ఉబికివచ్చే బుడగలు కొత్తగా పుట్టిన వాయువు కాదు. ఒత్తిడితో నీటిలో కరిగించిన కార్బన్ డయాక్సైడే, ఒత్తిడి తగ్గగానే బయటికి వస్తుంది. దాదాపు మొత్తం భౌతిక వ్యవహారమే. నిమ్మరసంలో చిటికెడు వంటసోడా వేస్తే వచ్చే నురగ కంటికి అచ్చం అలాగే ఉంటుంది కానీ, అక్కడ వంటసోడా నిజంగానే విడిపోతోంది. బుడగను చూసి తేడా చెప్పలేం. బుడగలోకి వచ్చిన వాయువు అంతకుముందు అదే రూపంలో ఉందా అని అడిగితేనే చెప్పగలం.

వేడి పుట్టడం, చల్లబడటం కూడా అంతే. యూరియాను నీటిలో కలిపి పిచికారీ చేసే రైతులకు తెలుసు, బకెట్టు అంచు చేతికి చల్లగా తగులుతుంది. యూరియా స్ఫటికంలోని అణువులు ఒకదాన్నొకటి విడిచి నీటిలో చెదరడానికి చుట్టూ ఉన్న వేడిని తీసుకుంటాయి. యూరియా అణువు మాత్రం చెదరదు. నీరు ఆరబెడితే మళ్లీ యూరియాయే. ఇక వెలుగు విషయానికొస్తే, పాతకాలపు బల్బులో టంగ్‌స్టన్ తీగ రెండు వేల డిగ్రీలు దాటి వేడెక్కి కళ్లు మిరుమిట్లు గొలిపేలా వెలుగుతుంది. అయినా అది టంగ్‌స్టన్‌గానే ఉంటుంది. బల్బు పగిలి గాలి తగిలితేనే అది ఆక్సిజన్‌తో కలిసి కాలిపోతుంది.

రంగు కాస్త నిదానంగా చూడవలసిన గుర్తు. తడిసిన బట్ట ముదురు రంగులో కనిపిస్తుంది. దారపు పోగుల మధ్య గాలి స్థానంలో నీరు చేరి కాంతి చెదిరే తీరు మారింది, అంతే. రంగు పదార్థం మారలేదు. పసుపు సంగతి వేరు. పారాణి కోసం పసుపులో సున్నం కలపగానే ఎర్రబడటానికి కారణం పసుపులోని రంగు పదార్థం కర్కుమిన్. క్షారం తగిలితే దాని అణువు ఒక ప్రోటాన్‌ను వదులుకుంటుంది. దాంతో అది పీల్చుకునే కాంతి మారి, కంటికి ఎర్రగా కనిపిస్తుంది. పసుపు మరక పడిన తెల్ల చొక్కాను సబ్బు పెట్టి ఉతికితే మరక ఎర్రబడేదీ అందుకే. దాని మీద నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు రంగుకు వస్తుంది. ఇది రసాయన మార్పే, అయినా క్షణాల్లో వెనక్కి వచ్చేసింది. "శాశ్వతం" అన్న మాట ఇక్కడే నిలవలేకపోతోంది.

వెనక్కి రావడం, రాకపోవడం

అన్ని గుర్తుల్లోకీ ఎక్కువ హాని చేస్తున్నది ఈ తాత్కాలిక, శాశ్వత విభజనే. మిరపకాయలు కారంగా దంచితే మళ్లీ కాయలు కావు. గాజుగ్లాసు పగిలితే అతకదు. ఇవి ఎప్పటికీ వెనక్కి రాని భౌతిక మార్పులు. వీటికి ఎదురుగా ఇన్వర్టరు బ్యాటరీని పెట్టి చూడాలి. ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే 1859లో రూపొందించిన సీసం-ఆమ్లం బ్యాటరీయే నేటికీ లక్షల ఇళ్లలో ఉంది. కరెంటు పోయినప్పుడు దానిలోని ఒక పలక మీది సీసం, మరో పలక మీది సీసం డయాక్సైడ్ రెండూ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో చర్య జరిపి సీసం సల్ఫేటుగా మారతాయి. కరెంటు వచ్చాక అదే చర్య తిరగబడి, సీసం సల్ఫేటు తిరిగి సీసంగా, సీసం డయాక్సైడ్‌గా మారుతుంది. రోజుకు రెండుమూడుసార్లు, ఏళ్ల తరబడి. ఇంతకంటే స్పష్టమైన రసాయన మార్పు లేదు, ఇంతకంటే క్రమం తప్పకుండా వెనక్కి వచ్చేదీ లేదు.

ఆ బ్యాటరీని పరీక్షించే పద్ధతి కూడా గమనించదగ్గది. మెకానిక్ హైడ్రోమీటరుతో లోపలి ద్రవాన్ని పైకి పీల్చి సాంద్రత చూస్తాడు. పూర్తిగా ఛార్జి ఎక్కిన కారు బ్యాటరీలో అది నీటికి 1.28 రెట్లకు దగ్గరగా ఉంటుంది. ఛార్జి దిగేకొద్దీ ఆమ్లం పలకల్లోకి వెళ్లిపోయి, చర్యలో నీరు పుట్టి సాంద్రత పడిపోతుంది. సాంద్రత భౌతిక ధర్మం. దాన్ని కొలిచి, లోపల జరిగిన రసాయన మార్పు ఎంతవరకు వచ్చిందో లెక్కగడుతున్నారు. పుస్తకంలో రెండు వేరువేరు గళ్లలో కూర్చున్నవి పనిలో ఇలా ఒకదానికొకటి సాక్ష్యమిస్తూ ఉంటాయి.

రసాయన చర్య వెనక్కి నడవగలదన్న సంగతి శాస్త్రానికి ఒక ఎడారి సరస్సు దగ్గర తట్టింది. నెపోలియన్ 1798లో ఈజిప్టు మీదికి వెళ్లినప్పుడు వెంట వెళ్లిన శాస్త్రవేత్తల్లో క్లాడ్ లూయీ బెర్తొలే ఒకరు. నాట్రాన్ సరస్సుల అంచున సోడియం కార్బొనేట్ పేరుకుపోయి ఉండటం ఆయన చూశారు. ప్రయోగశాలలో సోడియం కార్బొనేట్‌ను కాల్షియం క్లోరైడ్‌తో కలిపితే సున్నపురాయి పదార్థం, ఉప్పు ఏర్పడతాయి. ఇక్కడ ప్రకృతిలో ఉప్పునీరు, సున్నపురాయి కలిసి అదే చర్య వెనక్కి నడుస్తోంది. ఏ వైపు నడవాలన్నది పదార్థాల పరిమాణాల మీద కూడా ఆధారపడుతుందని ఆయన గ్రహించారు. రెండు శతాబ్దాల క్రితమే తేలిన సంగతి ఇది. అయినా "రసాయన మార్పు వెనక్కి రాదు" అని పిల్లల చేత ఇప్పటికీ రాయిస్తున్నాం. ఇది చిన్న పొరపాటుగా కొట్టిపారేయదగ్గది కాదు. పై తరగతిలో ద్విగత చర్యలు (ముందుకూ వెనక్కీ నడిచే చర్యలు), సమతాస్థితి అన్న పాఠాలు వచ్చినప్పుడు ఆ పిల్లలు తాము నేర్చుకున్న దాన్ని ముందు చెరిపేసుకోవలసి వస్తుంది.

గుడ్డు ఉడకడాన్ని శాశ్వత మార్పుకు తిరుగులేని ఉదాహరణగా చూపేవారు. 2015లో అమెరికా, ఆస్ట్రేలియా పరిశోధకులు ఇరవై నిమిషాలు ఉడికించిన తెల్లసొనను యూరియాతో ద్రవంగా మార్చి, వేగంగా తిప్పే పరికరంలో ఉంచి, అందులోని లైసోజైమ్ అనే ప్రొటీను మళ్లీ తన పాత మడతల్లోకి వచ్చేలా చేశారు. వెనక్కి తేగలమా లేదా అన్నది పదార్థం స్వభావం కంటే ఎక్కువగా మన చేతిలో ఉన్న సాధనాల మీద ఆధారపడి ఉందన్నమాట.

నిష్పత్తిలో దొరికే రుజువు

అయితే కొత్త పదార్థం పుట్టిందని తెలిసేదెలా? పరమాణువులను కంటితో చూడలేని కాలంలోనే దీనికి ఒక గట్టి రుజువు దొరికింది. ఫ్రెంచివాడైన జోసెఫ్ ప్రూస్ట్ స్పెయిన్‌లో పనిచేస్తూ 1799లో రాగి కార్బొనేట్‌ను విశ్లేషించారు. గనిలో దొరికినదైనా, ప్రయోగశాలలో చేసినదైనా, అందులో రాగి, కార్బన్, ఆక్సిజన్‌ల బరువుల నిష్పత్తి మారలేదు. బెర్తొలే దీన్ని ఒప్పుకోలేదు. ద్రావణాల్లో, మిశ్రమ లోహాల్లో పాళ్లు ఎలాగైనా ఉండవచ్చు కదా అని ఆయన వాదన. ఏళ్ల తరబడి మర్యాదగా సాగిన ఆ చర్చలో తేలిందేమిటంటే బెర్తొలే చూపిన ఉదాహరణల్లో ఎక్కువ భాగం మిశ్రమాలు. సంయోగ పదార్థం స్థిరమైన నిష్పత్తి పాటిస్తుంది, మిశ్రమం పాటించనక్కరలేదు. ఇంగ్లండు శాస్త్రవేత్త జాన్ డాల్టన్ పరమాణు సిద్ధాంతానికి పునాది వేసిన ఆధారాల్లో ఇదొకటి.

ఈ గీటురాయిని నీటి మీద పెట్టి చూస్తే తేడా అంకెల్లో కనిపిస్తుంది. వంద డిగ్రీల దగ్గర కిలో నీటిని ఆవిరి చేయడానికి దాదాపు 2,260 కిలోజౌళ్ల శక్తి చాలు. ఆ ఆవిరిలో ప్రతి అణువూ నీటి అణువే. చల్లటి మూత పెడితే చుక్కలుగా తిరిగి వస్తుంది. అదే కిలో నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొట్టాలంటే దాదాపు 15,900 కిలోజౌళ్లు కావాలి, ఏడు రెట్లు. మొదటి దానిలో అణువుల మధ్య ఉన్న ఆకర్షణను తెంపుతున్నాం. రెండో దానిలో అణువునే తెంపుతున్నాం. వచ్చే వాయువుల్లో ఒకటి మండుతుంది, మరొకటి మంటను పెంచుతుంది. రెండూ కలిసి ఉన్న నీరేమో మంటను ఆర్పుతుంది. ధర్మాల పట్టిక మొత్తం మారిపోయిందంటే పదార్థమే మారిపోయిందని అర్థం.

ఒక్క ధర్మం మారితే అనుమానించాలి, ధర్మాల సముదాయమంతా మారితే నిర్ధారించుకోవచ్చు. పండ్లతోటల రైతులు బోర్డో మిశ్రమం అనే తెగుళ్ల మందు తయారుచేసేటప్పుడు వాడే పరీక్ష దీనికి చక్కటి నమూనా. ఒక శాతం మందుకు కిలో మైలుతుత్తం (రాగి సల్ఫేటు), కిలో సున్నం, వంద లీటర్ల నీరు. మైలుతుత్తం ద్రావణం, సున్నపు పాలు విడివిడిగా చేసి కలిపితే లేత నీలం రంగు అవక్షేపం ఏర్పడుతుంది. చర్య పూర్తయిందా లేదా అన్నది రంగు చెప్పలేదు, రెండింటిలోనూ నీలమే. అందుకే శుభ్రమైన ఇనుప చాకునో మేకునో అందులో కాసేపు ముంచి చూస్తారు. దాని మీద ఎర్రటి పూత పట్టిందంటే చర్య జరపని రాగి లవణం ఇంకా మిగిలి ఉందని, మరికాస్త సున్నం కావాలని అర్థం. ఇనుము ద్రావణంలోని రాగిని బయటికి నెట్టి తాను అందులోకి వెళుతుంది. అలాగే పిచికారీ చేస్తే లేత ఆకులు మాడిపోతాయి. కంటికి కనిపించే గుర్తును నమ్మకుండా, రసాయన ధర్మంతోనే రసాయన మార్పును తనిఖీ చేస్తున్నారన్నమాట. ఈ మందును లోహపు పాత్రల్లో కలపవద్దనేది కూడా అదే కారణంతో.

ఒకే గిన్నెలో రెండూ

పాఠాల్లోని ఉదాహరణలు ఒక మార్పుకు ఒక పేరు పెడతాయి. ఇంట్లో, పొయ్యి మీద, పొలంలో జరిగేవి సాధారణంగా రెండు మార్పుల అల్లిక. పాల సంగతి చూస్తే ఇది బాగా తెలుస్తుంది. తోడు వేసిన పాలలో బాక్టీరియా పాల చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. పులుపు పెరిగి కేసీన్ ప్రొటీను గడ్డకడుతుంది. పెరుగు ఏర్పడటం రసాయన మార్పు. ఆ పెరుగును చిలికితే కొవ్వు బిందువుల మీది పలుచని పొరలు చిరిగి, కొవ్వంతా ఒకచోట చేరి వెన్నగా తేలుతుంది. ఇది పూర్తిగా భౌతికం, కొవ్వు అప్పుడూ అదే, ఇప్పుడూ అదే. వెన్న కాచేటప్పుడు అందులో ఉన్న సుమారు 16 శాతం నీరు చిటపటలాడుతూ ఆవిరైపోవడం భౌతికం. అడుగున చేరిన పాల ఘనపదార్థాలు ఎర్రబడి కమ్మటి వాసన రావడం రసాయనికం. ఆ నెయ్యి ఎక్కువకాలం గాలి తగిలేలా ఉండిపోయి ముక్క వాసన వస్తే అది మళ్లీ రసాయన మార్పు, ఈసారి మనకు అక్కరలేనిది. నెయ్యి కాచడం భౌతికమా రసాయనికమా అని ఒక్క మాటలో అడిగే ప్రశ్నకు నిజాయితీ గల జవాబు ఒక్క మాటలో ఉండదు.

కర్పూరం బిళ్లను మూతలేని డబ్బాలో ఉంచితే కొన్నాళ్లకు తరిగిపోతుంది. ఘనం నుంచి నేరుగా ఆవిరయ్యే ఉత్పతనం అది. హారతి పళ్లెంలో వెలిగించినప్పుడు కూడా మొదట జరిగేది ఆ ఆవిరి కావడమే, తర్వాత ఆ ఆవిరి మండుతుంది. వంటగ్యాసూ అంతే. సిలిండరులో ద్రవంగా ఉన్న ప్రొపేన్, బ్యూటేన్ ముందు ఆవిరవుతాయి. వాడకం ఎక్కువైనప్పుడు సిలిండరు బయట చెమ్మ పట్టేది ఆ ఆవిరి వేడిని పీల్చుకోవడం వల్లనే. కిలో గ్యాసు ఆవిరి కావడానికి దాదాపు 0.4 మెగాజౌళ్లు పడితే, ఆ కిలో మండినప్పుడు దాదాపు 46 మెగాజౌళ్లు వస్తాయి. భౌతిక మార్పుకూ రసాయన మార్పుకూ మధ్య శక్తిలో ఎంత దూరం ఉండగలదో ఒక్క సిలిండరే చూపిస్తుంది.

గీత చెరిగే చోట్లు

ఇంత చెప్పాక కూడా కొన్ని మార్పులు రెండు గళ్ల మధ్య నిలబడతాయి. ఉప్పు కరగడం అందులో మొదటిది. శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పు మడుల్లో జరిగేదంతా భౌతిక వ్యవహారంగానే లెక్కిస్తారు. సముద్రపు నీటిలో దాదాపు మూడున్నర శాతం లవణాలు ఉంటాయి. ఎండకు నీరు ఆవిరై ఘనపరిమాణం పదో వంతుకు దగ్గరపడేదాకా ఉప్పు స్ఫటికాలు కట్టవు. అంతకుముందే జిప్సం అడుగుకు దిగిపోతుంది. చివర్లో మిగిలే చేదు నీటిలో మెగ్నీషియం లవణాలు ఉంటాయి కనుక దాన్ని తీసేస్తారు. ద్రావణీయతలో ఉన్న తేడాలే వేరుచేసే పనంతా చేస్తాయి. కానీ స్ఫటికంలో సోడియం, క్లోరైడ్ అయాన్లను పట్టి ఉంచింది అయానిక బంధం. నీటిలో ఆ బంధం తెగి, ఒక్కో అయాను చుట్టూ నీటి అణువులు చేరతాయి. బంధాలు తెగడమే రసాయన మార్పుకు కొలమానమైతే ఇది రసాయనికం అనాలి. నీరు ఆరితే అదే ఉప్పు మిగులుతుంది కనుక భౌతికం అనాలి. పాఠశాల స్థాయిలో భౌతికం అని చెప్పడం సబబే. కాని ప్రశ్న లేవనెత్తిన విద్యార్థిని తప్పుపట్టకూడదు. ఆ విద్యార్థి పాఠం కంటే లోతుగా చూశాడు.

నీలి మైలుతుత్తాన్ని వేడిచేస్తే తెల్ల పొడిగా మారి, నీటి చుక్క పడగానే మళ్లీ నీలమయ్యే ప్రయోగం దీనికి దగ్గరిదే. ఇక్కడ మాత్రం మొగ్గు రసాయన మార్పు వైపే. ఆ నీరు తడిగా అంటుకున్నది కాదు, ఒక రాగి అయానుకు ఐదు అణువుల చొప్పున స్థిర నిష్పత్తిలో స్ఫటికంలో కూర్చున్నది. ప్రూస్ట్ సూత్రమే ఇక్కడా తీర్పు చెబుతుంది.

వజ్రం మరో రకం చిక్కు. కృష్ణా తీరంలోని కొల్లూరు లాంటి గనుల నుంచి గోల్కొండ వజ్రాలుగా లోకమంతా తిరిగిన ఆ రాళ్లు మండుతాయని 18వ శతాబ్దం దాకా శాస్త్రం నమ్మకంగా చెప్పలేకపోయింది. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లవాయిజియే, ఆయన సహచరులు 1772లో పెద్ద భూతద్దంతో సూర్యకాంతిని పోగుచేసి వజ్రం మీద పరీక్షించారు. 1797లో ఇంగ్లండులో స్మిత్సన్ టెనెంట్ వజ్రాన్ని మండించి, వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచి, అది కేవలం కార్బన్ అని తేల్చారు. మండటం రసాయన మార్పు, సందేహం లేదు. మరి గాలి తగలకుండా 1,500 డిగ్రీలకు పైగా వేడిచేస్తే వజ్రం గ్రాఫైటుగా మారుతుంది. ముందూ కార్బనే, తర్వాతా కార్బనే. సంఘటనం మారలేదు కనుక భౌతికమని కొందరు అంటారు. కార్బన్ పరమాణువుల మధ్య బలమైన బంధాలు తెగి కొత్త తీరులో కట్టుకున్నాయి, గట్టిదనం నుంచి విద్యుత్తును మోసే గుణం దాకా అన్నీ మారిపోయాయి కనుక రసాయనికమని మరికొందరు అంటారు. రెండో వాదనే బలమైనది. ప్రకృతిలో బంధాలు బలహీనం నుంచి బలంగా వరుసగా ఉన్నాయి. ఎక్కడ గీత గీయాలో మనం నిర్ణయించుకున్నాం. గీత మనదే అయినంత మాత్రాన పనికిరానిదని కాదు, చివర్ల దగ్గర దాన్ని జాగ్రత్తగా వాడాలని మాత్రమే.

ఆరడం వేరు, గట్టిపడటం వేరు

గీత స్పష్టంగా ఉన్నచోట దాన్ని గుర్తించకపోతే నష్టం పెద్దది. కుమ్మరి సారె మీద నుంచి దింపిన పచ్చికుండ ఎండలో ఆరి గట్టిపడుతుంది. మట్టి రేణువుల మధ్య నీరు పోయింది, అంతే. నీళ్లలో వేస్తే తిరిగి మట్టి ముద్ద. ఆవంలో వేడి సుమారు 500 డిగ్రీలు దాటాక బంకమట్టి ఖనిజాల నిర్మాణంలోనే ఇమిడి ఉన్న హైడ్రాక్సిల్ జట్లు నీటిగా విడిపోయి బయటికి పోతాయి. ఇక ఆ కుండ ఏ నీటిలోనూ మట్టి కాదు. సిమెంటును మనవాళ్లు పచ్చికుండలా ఊహించుకుంటారు, "సిమెంటు ఆరింది" అంటారు. సిమెంటు ఆరి గట్టిపడదు. నీటితో చర్య జరిపి, కాల్షియం సిలికేట్ల హైడ్రేట్లుగా అల్లుకుని గట్టిపడుతుంది. నీటిలో మునిగి ఉన్నా గట్టిపడుతుంది. తొందరగా ఆరిపోతేనే చర్య సగంలో ఆగి బలం తగ్గుతుంది. స్లాబు మీద మడులు కట్టి రోజుల తరబడి నీళ్లు నిలబెట్టేది అందుకే. ఎండాకాలంలో నీటి కరువుతో ఇలా నీళ్లు కట్టే క్యూరింగ్‌ను రెండుమూడు రోజులకే ఆపేసే ఇళ్లలో పగుళ్లు రావడానికి ఈ ఒక్క అపోహ చాలాసార్లు కారణమవుతోంది. కట్టేవాళ్లకు ఈ సంగతి చెప్పవలసిన బాధ్యత పాఠ్యపుస్తకానికి కూడా ఉంది.

ఆ సిమెంటు పుట్టుకలో మరింత పెద్ద లెక్క దాగి ఉంది. పల్నాడు, సూర్యాపేట, కడప, తాండూరు ప్రాంతాల కర్మాగారాల్లో సున్నపురాయిని తవ్వడం, పగలగొట్టడం, పిండి చేయడం అంతా భౌతికం. బట్టీలో 900 డిగ్రీల ప్రాంతంలో అసలు మార్పు జరుగుతుంది. వంద కిలోల స్వచ్ఛమైన కాల్షియం కార్బొనేట్ 56 కిలోల పొడి సున్నంగా, 44 కిలోల కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతుంది. వేడి ఇంకా పెరిగి 1,450 డిగ్రీలకు చేరేసరికి ఆ సున్నం మట్టిలోని సిలికా, అల్యూమినాలతో కలిసి క్లింకర్ గడ్డలవుతుంది. చల్లార్చి, కాస్త జిప్సం కలిపి నూరితే సిమెంటు. ఆ కొంచెం జిప్సం లేకపోతే తాపీమేస్త్రీ మాలు పరిచేలోపే గట్టిపడిపోతుంది.

సిమెంటు తయారీలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 60 శాతం వచ్చేది బొగ్గు మండటం వల్ల కాదు, రాయి విడిపోవడం వల్ల. ఇక్కడ భౌతిక, రసాయన భేదం పర్యావరణ విధానాన్నే నిర్ణయిస్తుంది. ఇనుమును కరిగించి పోత పోయడం లాంటి పనుల్లో కావలసింది వేడి ఒక్కటే. దాన్ని సౌర విద్యుత్తు నుంచి తెచ్చుకుంటే పొగ సమస్య చాలావరకు తీరుతుంది. సున్నపురాయి బట్టీకి ఆ చికిత్స సగమే పనిచేస్తుంది. మంట ఎంత శుభ్రమైనదైనా వంద కిలోల కాల్షియం కార్బొనేట్ నుంచి 44 కిలోల వాయువు వచ్చి తీరుతుంది, అది ఆ పదార్థపు స్థిర నిష్పత్తి. అందుకే ఈ పరిశ్రమలో జరుగుతున్న ప్రయత్నాలు రెండు దారుల్లో ఉన్నాయి. ఒకటి వెలువడిన వాయువును బట్టీ దగ్గరే పట్టుకోవడం. రెండోది క్లింకర్ వాటానే తగ్గించి, థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిదను, ఉక్కు కర్మాగారాల కొలిమి చిట్టాన్ని కలపడం. ఆ బూడిద సంచి నింపడానికి పోసే మట్టి లాంటిది కాదు. సిమెంటు నీటితో కలిసినప్పుడు విడుదలయ్యే కాల్షియం హైడ్రాక్సైడ్‌తో బూడిదలోని సిలికా నెమ్మదిగా చర్య జరిపి, క్లింకర్ ఇచ్చే బంధక పదార్థాన్నే మరికొంత పుట్టిస్తుంది. ఈ చర్య నిదానంగా సాగుతుంది కనుక బూడిద కలిసిన సిమెంటు వాడిన స్లాబుకు ఏడు రోజులతో సరిపెట్టకుండా కనీసం పది రోజులైనా, ఎండ మండే రోజుల్లో రెండు వారాలదాకా నీళ్లు కట్టాలి.